మి మాద్రె బర్రె

స్పానిష్ భాషలో ఊడ్చడాన్ని ‘బర్రేర్’ అంటారు. ఈ క్రియను వర్తమాన కాలంలో నడపడం చాలా తేలిక. చివరనున్న ‘ఏర్’ తీసేస్తే ‘బర్ర్’ అనే ధాతువు మిగులుతుంది. దానికి మనిషిని బట్టి ఒక్కో తోక తగిలించాలి. నేను ఊడుస్తాను అంటే బర్రో. నువ్వు ఊడుస్తావు అంటే బర్రెస్. అతడు ఊడ్చినా ఆమె ఊడ్చినా బర్రె. మేము ఊడుస్తాం అంటే బర్రెమోస్. మీరంతా ఊడుస్తారు అంటే బర్రెయిస్. వాళ్లు ఊడుస్తారు అంటే బర్రెన్. ఎక్కడా వంకర పోదు, ధాతువు మారదు. ఇట్లా క్రమం తప్పకుండా నడిచే క్రియలు ఆ భాషలో వేలున్నాయి. ‘ఆర్’తో ముగిసేవి, ‘ఏర్’తో ముగిసేవి, ‘ఈర్’తో ముగిసేవి అని వాటిని మూడు వర్గాలు చేశారు. మూడు వర్గాలకూ ‘నేను’ తోక మాత్రం ఒక్కటే, ‘ఓ’.

నేను మాదిగ ఆడపిల్లను. మాది నల్గొండ వైపు ఊరు. మా అమ్మ ఊడ్చి నన్ను చదివించింది. అందుకని ఈ ఆరు మాటలు నాకు ఉత్త వ్యాకరణం కావు.

ఒక సర్కారు బడి పంతులమ్మకు స్పానిష్ ఎందుకని మీరు అడగొచ్చు. మా స్టాఫ్‌రూంలో చానామంది అడిగారు. 2010లో నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. చదువుతూ ఎస్సీ హాస్టల్లో ఉండేదాన్ని. స్పానిష్ వస్తే కాల్ సెంటర్లలో ఇంగ్లీషు వాళ్లకన్నా ఎక్కువ జీతమిస్తారని హాస్టల్లో ఒక అక్క చెప్పింది. సాయంత్రం పూట సర్టిఫికెట్ కోర్సులో చేరాను. జీతం ఆశ నిజమే. దానికి తోడు ఇంగ్లీషు మీద కసి కూడా ఉండె. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఇంగ్లీషు మాట్లాడినప్పుడల్లా ఎవరిదో ఇంట్లోకి చెప్పులు విడిచి పోయినట్టుండేది. స్పానిష్ క్లాసులో కాన్వెంటు పిల్లలూ మేమూ అందరం ఒక్కసారే ఓనమాలు దిద్దినం. అక్కడ ఎవరికీ తాతలు సంపాదించిపెట్టిన భాష లేదు.

పైగా మా నోటికి అది బాగా తిరిగింది. ఇంగ్లీషు వాళ్ల ‘ట’ స్పానిష్‌లో లేదు, మన ‘త’ ఉన్నది. అందులో రెండు రకాల ‘ర’లున్నాయి. ఒకటి నాలుక తగిలీ తగలకుండా పలికేది, ఇంకోటి బండి చక్రం లెక్క దొర్లేది. తెలుగులో పాత పుస్తకాలకే మిగిలిపోయిన బండి ‘ఱ’ వాళ్ల నోట్లో ఇంకా బతికుంది. బర్రేర్‌లో ఉన్నది ఆ బండి ఱయే. కాన్వెంటు పిల్లలు ఇంగ్లీషు అలవాటుకొద్దీ నాలుక మడతేసి తిప్పలు పడేవారు. నాకు ఒక్కరోజులో వచ్చింది.

ఇంకో సంగతి. తెలుగులో ‘నేను’ అనకుండానే ‘ఊడుస్తాను’ అంటే చాలు, చేసేదెవరో తెలిసిపోతుంది. స్పానిష్‌లోనూ అంతే. బర్రో అంటే చాలు. ‘యో’ అనే మాట, అంటే ‘నేను’, మామూలుగా పెట్టరు. పెడితే దానికి అర్థం వేరు. ‘మన్యానా బర్రో’ అంటే రేపు ఊడుస్తాను అని. ‘మన్యానా బర్రో యో’ అంటే రేపు ఊడ్చేది నేనే, ఇంకొకరు కాదు అని. రేపటి పనిని వర్తమానంలోనే చెప్పడం చూడండి, మనం ‘రేపు ఊడుస్త’ అన్నట్టే. రోజూ చేసే పనికీ ఇదే రూపం. ఇప్పుడు ఈ క్షణాన చేస్తున్న పనికి కూడా చాలాసార్లు ఇదే సరిపోతుంది. ‘ఊడుస్తూ ఉన్నాను’ అని గట్టిగా చెప్పదలిస్తే ‘ఎస్తోయ్ బర్రియెందో’ అని వేరే ఉంది.

ఇంటర్మీడియెట్‌లో మా ఇంగ్లీషు లెక్చరరు మా వాడ పిల్లల వాక్యాలను ఎర్రసిరాతో కొట్టేస్తుండేవాడు. ఇన్నేళ్ల సంది చేస్తున్నది అనే మాటను ఇంగ్లీషులో ‘హ్యాజ్ బీన్’ పెట్టకుండా రాస్తే సున్నా. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తే గిట్లనే ఉంటదని క్లాసులో నవ్వించేవాడు. స్పానిష్‌లో ఆ ‘హ్యాజ్ బీన్’ పీడ లేదు. ‘బర్రె దెస్దె ఆసె వెయింతె ఆన్యోస్.’ ఇరవై ఏండ్ల సంది ఊడుస్తున్నది. వట్టి వర్తమానం, మా అమ్మ చెప్పినట్టే. నేలమీద చానా భాషలున్నాయని, ఇంగ్లీషు తప్పన్న ఆలోచన ఇంకో భాషలో ఒప్పని ఆ రోజు తెలిసింది.

మా అమ్మ పని గురించి చెప్పాలి. నాకు బుద్ధి తెలిసిన 1990ల్లో ఆమె తెల్లారుజామున నాలుగు గంటలకే దొరింటికి పోయేది. వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, కొట్టంలో పెండ తీసి, మళ్లీ మా ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించేది. ఇంట్లోపల ఊడ్చే పని ఆమెది కాదు, దానికి వేరే కులం మనిషి ఉండేది. మా అమ్మకు గడప అవతలి మట్టి వరకే హక్కు. తర్వాత కొన్నేండ్లకు గ్రామపంచాయతీలో వీధులు ఊడ్చే పనికి కుదిరింది. జీతం నెలనెలా రాదు. వచ్చినప్పుడు నా హాస్టలు పెట్టె నిండేది. దొరింట్లో ఆమె పేరు చివర ఉన్న ‘అమ్మ’ను కోసేసి పిలిచేవారు. పదేండ్ల పిల్లగాడు కూడా ‘ఊడ్చినవా?’ అనేటోడు. ఆమె వాణ్ణి ‘చిన్నదొర లేచిండా?’ అని అడిగేది. ఎదురుగా నిలబడ్డ వాణ్ణి ఎక్కడో ఉన్నవాని లెక్క అడగడం!

ఇదే స్పానిష్‌లోనూ ఉంది. నువ్వు అనడానికి ‘తు’ అంటారు, మీరు అనడానికి ‘ఉస్తెద్’. ఈ ఉస్తెద్ అనేది ‘వుయెస్త్రా మెర్సెద్’ అనే మాట అరిగి అరిగి అయింది. ‘తమరి దయ’ అని దానికి దగ్గరి అర్థం. ఎదుటి మనిషితో కాక ఆయన దయతో మాట్లాడుతున్నట్టు. అందుకే ఉస్తెద్‌కు క్రియ ‘నువ్వు’ రూపంలో రాదు, ‘అతడు’ రూపంలో వస్తుంది. తు బర్రెస్, కానీ ఉస్తెద్ బర్రె. క్లాసులో ఇది చెప్పినప్పుడు అందరూ వింత నియమమని కంఠస్థం చేశారు. నాకు కంఠస్థం అవసరం పడలేదు. ‘చిన్నదొర లేచిండా’ అనే వాక్యం మా ఇంట్లోనే ఉన్నది.

లాటిన్ అమెరికాలో చాలా ఇండ్లల్లో పనిమనిషి యజమానురాలిని ఉస్తెద్ అంటుంది, యజమానురాలు ఆమెను తు అంటుంది. అంటే ఒకే పనికి ఆమెకు ఒక తోక, ఈమెకు ఒక తోక. నువ్వు, మీరు అనేవి స్నేహానికీ మర్యాదకూ గుర్తులని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. తు అనిపించుకోవడం ఎవరికి స్నేహమో, ఎవరికి దెబ్బో పుస్తకం రాయదు.

ఇక ఆ రోజు సంగతి. ‘ఏర్’ క్రియల పాఠం అయింది. నమూనాకు ‘కొమేర్’, అంటే తినడం. కోమో, కోమెస్, కోమె అని అందరం చదివాం. మేడం ఢిల్లీ నుంచి వచ్చిన మనిషి, తెలుగు ముక్క రాదు. మీ అమ్మ ఏం చేస్తుందో ఒక్కొక్కరు ఒక్క వాక్యం చెప్పండి అన్నది. ఒకరి తల్లి బ్యాంకులో పనిచేస్తుంది, ఒకరి తల్లి పాఠాలు చెబుతుంది, ఒకరి తల్లి వండుతుంది. నా వంతు వచ్చింది. నిఘంటువులో ముందే చూసిపెట్టుకున్నాను. లేచి నిలబడి చెప్పాను.

‘మి మాద్రె బర్రె.’

నా తల్లి ఊడుస్తుంది. ఎక్కడా తప్పులేదు. బండి ఱ కూడా గట్టిగా పలికింది. కానీ వెనక బెంచీలో ఇద్దరు తెలుగు పిల్లగాండ్లు పక్కున నవ్వారు. ‘వాళ్లమ్మ బర్రెనంట’ అన్నాడొకడు. తెలుగు తెలిసినవాళ్లందరికీ నవ్వు పాకింది. మేడంకు ఏమీ అర్థం కాలేదు. నా వాక్యంలో తప్పేమిటని వాళ్లనే అడిగింది. తప్పేం లేదన్నారు. మరి నవ్వెందుకు? జవాబు లేదు.

బర్రె అంటే మాకేమీ తిట్టు కాదు. మా ఊళ్లో పాలిచ్చేది బర్రె, పూజలేమో ఆవుకు. కంచ ఐలయ్య గారు 2004లో ‘బఫెలో నేషనలిజం’ అని పుస్తకమే వేశారు. ఆ పిల్లగాండ్ల నవ్వు బర్రె మీద కాదు, ఊడ్చే తల్లి మీద. బర్రె ఒక సాకు.

మేడం నా వైపు తిరిగి ‘దోందె బర్రె?’ అని అడిగింది. ఎక్కడ ఊడుస్తుంది? ‘బర్రె లాస్ కాయెస్.’ వీధులు ఊడుస్తుంది. ఎన్నాళ్ల నుంచి? చెప్పాను. అప్పుడామె బోర్డు మీద బర్రేర్ అని రాసి, ఆరు గళ్లు గీసి, ఒక్కొక్కరిని లేపి నడపమన్నది. నవ్విన పిల్లగాడిని మొదట లేపింది. వాడు ‘యో బర్రో’ అనాలి. నేను ఊడుస్తాను. ఆ రెండు మాటలు వాని నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో! వేరే క్రియ చెప్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, ఆమెకు ఇందులో కులం ఉన్నదని కూడా తెలియదు. చివరికి అన్నాడు. క్లాసంతా వరసగా అన్నది. ఊడుస్తాను, ఊడుస్తావు, ఊడుస్తారు. జీవితంలో పొరక ముట్టని ఇరవై మంది ఊడ్చారు, నోటితోనైనా. బర్రో అంటే స్పానిష్‌లో బురద అని కూడా అర్థం ఉందని మేడం చివర్లో చెప్పింది. నేను ఊడుస్తాను, బురద, రెండూ ఒకటే మాట. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత అనువాదం ఇచ్చింది. ‘నొసోత్రోస్ బర్రెమోస్.’ నా పక్కనున్న అమ్మాయి ‘మనం ఊడుస్తాం’ అని రాసింది. నేను ‘మేము ఊడుస్తాం’ అని రాశాను. స్పానిష్‌కు ఈ తేడా లేదు, మనకూ మేముకూ ఒకటే మాట. ఎదుటివాణ్ణి కలుపుకున్నామో వదిలేశామో ఆ మాట చెప్పదు. తెలుగు చెప్పి తీరాలంటుంది. ఇద్దరి జవాబూ ఒప్పే. కానీ ఆ అమ్మాయి ‘మనం’లో నేను లేను, నా ‘మేము’లో ఆమె లేదు. ఆడవాళ్లే ఉంటే ‘నొసోత్రాస్’ అనాలని, వందమంది ఆడవాళ్లలో ఒక్క మగాడు చేరినా ‘నొసోత్రోస్’ అయిపోతుందని కూడా ఆ రోజే నేర్చుకున్నాం. క్రియ మాత్రం బర్రెమోసే. పనికి ఆడామగా లేదు, సర్వనామానికే ఉన్నది.

మన తెలుగు వ్యాకరణం కథ ఇంకో రకం. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో మాటలను మహత్తులు, అమహత్తులు అని విడదీశారు. మగవాళ్లు మహత్తులు. పశువులు, వస్తువులు అమహత్తులు. మరి ఆడవాళ్లు? ఏకవచనంలో అమహత్తుల వరసలో, బహువచనంలో మహత్తుల వరసలో. బడిలో పాఠంగా చదివినప్పుడు ఇదేం పట్టింపు అనుకుని దాటేస్తాం. స్పానిష్ పక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. దొర తిరుగుతాడు. బర్రె మేస్తది. మా అమ్మ ఊడుస్తది. క్రియ చివర మా అమ్మకూ బర్రెకూ ఒకటే తోక. ఆ పిల్లగాండ్లు కొత్తగా కలిపిందేమీ లేదు, వ్యాకరణం ముందే కలిపిపెట్టింది. అయితే అదే మా అమ్మ ఇంకో ముగ్గురితో కలిసి పోతే ‘ఊడుస్తరు’ అవుతుంది. ఒక్కతైతే అమహత్తు, నలుగురైతే మహత్తు! దొరసానికి మాత్రం ఒక్కతైనా ‘కూర్చుంటరు’ అని ఉండనే ఉన్నది. మా అమ్మ గురించి ‘ఊడుస్తారు’ అని గౌరవంగా ఎవరూ అనగా నేను వినలేదు. నేనూ అనలేదు. మా ఇండ్లల్లో అమ్మను మీరు అనే అలవాటు లేదు.

స్పానిష్‌లో బర్రె అంటే అతడు, ఆమె, మీరు, ముగ్గురూ అందులో ఉన్నారు. వీధి ఊడ్చే మా అమ్మకూ ‘తమరి దయ’కూ ఒకటే తోక. అదేదో ఆ భాష గొప్పతనమని నేననను. ఆ భాష చేతులకు అంటిన నెత్తురు చిన్నది కాదు. నెబ్రిహా అనే పండితుడు స్పానిష్ వ్యాకరణాన్ని 1492లో అచ్చువేశాడు, రాణి ఇసబెల్‌కు అంకితమిచ్చాడు. పీఠికలోనే భాషకూ సామ్రాజ్యానికీ ముడిపెట్టాడు. కొలంబస్ అమెరికా ఒడ్డు తొక్కింది ఆ ఏడే. మనల్ని కోసే ఇంగ్లీషు మాట ‘క్యాస్ట్’ కూడా ఆ ఒడ్డుదే. పోర్చుగీసు, స్పానిష్‌లలో ‘కాస్తా’ అంటే వంశం, జాతి. పోర్చుగీసులు ఇక్కడి కులాన్ని చూసి ఆ మాట వాడారు. మెక్సికోలో స్పెయిన్ వాళ్లు అదే మాటతో నెత్తురు లెక్కలు కట్టారు. తండ్రి ఫలానా, తల్లి ఫలానా, పుట్టిన బిడ్డ పేరు ఫలానా అని 18వ శతాబ్దంలో బొమ్మలు గీయించి గోడలకు తగిలించుకున్నారు. మా ఊళ్లో బొమ్మలు అక్కర్లేదు, వాడ చాలు.

ఆ స్పానిష్‌నే పట్టుకుని మాట్లాడిన వాళ్లూ ఉన్నారు. గ్వాతెమాలా ఆదివాసీ మహిళ రిగొబెర్తా మెంచూ తోటల్లో కూలి చేశానని, పట్నంలో ఇంటిపని చేశానని తన కథలో చెప్పుకున్నారు. ఆమె తల్లిభాష కిచె. స్పానిష్ పెద్దయ్యాక నేర్చుకున్నది. ఆమె చెప్పిన కథ 1983లో స్పానిష్‌లో పుస్తకంగా వచ్చింది, 1992లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ పుస్తకం పేరులో మొదటి మాటలు ‘మె యామో’. నన్ను నేను పిలుచుకుంటాను, అంటే నా పేరు ఫలానా అని. క్రమం తప్పని ‘ఆర్’ క్రియ, వర్తమానం, నేను తోక. ఎవరో సగం కోసి పిలిచే పేరు కాదు. ఆ రెండు మాటలు చూసి నేను లైబ్రరీలో చాలాసేపు కూర్చుండిపోయాను. మళ్లీ 2018లో ‘రోమా’ సినిమాలో ఇంటిపని చేసే ఆదివాసీ అమ్మాయిగా యాలిత్సా అపారిసియో నటించింది. ఆమె చదువుకున్నది చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే చదువు, మా వృత్తే.

ఆ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు అమ్మకు చెప్పాను, దూరదేశంల ఊడ్చుడును బర్రె అంటరే అని. క్లాసులో నవ్విన సంగతి కూడా చెప్పాను. ఆమె జొన్నరొట్టె కొడుతూ ఆగింది. ‘బర్రెనే నయం బిడ్డా. పొద్దుగూకితె దాని ముంగట గడ్డేస్తరు’ అన్నది. కాసేపాగి, ‘ఆ దేశంల గూడ మనోళ్లే ఊడుస్తరా?’ అని అడిగింది.

కాల్ సెంటర్ ఉద్యోగం రాలేదు. 2012 డీఎస్సీలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యాను. ఇప్పుడున్నది నేను పనిచేసిన రెండో ఊరు. ఇక్కడ చేరినప్పుడు బడి ఊడ్వడానికి మనిషి లేదు. మరి ఎవరు ఊడుస్తున్నారంటే పిల్లలే అన్నారు. ఏ పిల్లలు? ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలు, అందరూ మా వాడలవాళ్లు. ఎవరూ ఆజ్ఞ వేసింది కాదట, ‘వాళ్లకు అలవాటు’ అట. మనిషిని పెట్టమని పైకి రాశాను, మళ్లీ రాశాను. పిల్లలతో ఊడిపించొద్దని మీరు అంటారు, నేనూ అంటాను. కానీ మనిషి వచ్చేదాకా గది ఊడ్వాలి కదా. ఆ చెత్తలో ఒక్క కులపు ఆడపిల్లలే ఒంగడం నేను చూస్తూ ఊరుకోలేను.

ఇంగ్లీషు వర్తమానం చెప్పే పాఠం వచ్చింది. ఇంగ్లీషుకు ఆరు తోకలు లేవు, అతడు, ఆమె అన్నప్పుడు ఒక్క ‘స్’ మాత్రం వస్తుంది. పిల్లలు ఆ ‘స్’నే మరిచిపోతారు. బోర్డు మీద ‘ఐ స్వీప్’ అని రాసి దాని పక్కన సోమవారం అని రాశాను. సోమవారం నేను ఊడ్చాను. మంగళవారం నుంచి ‘హి స్వీప్స్’, ‘షి స్వీప్స్’ అని హాజరుపట్టీ వరసలో పేర్లు. మగపిల్లలు, ఆడపిల్లలు, ఊరు, వాడ, అందరూ. ‘స్’ మరిచిపోయినవాడు ఎవడూ లేడు, వాళ్ల పేరు పక్కనే ఉన్నది గనక.

నాలుగో రోజు ఒక పిల్లవాని తండ్రి వచ్చాడు. ఊళ్లో పెద్ద రైతు. గుమ్మంలో నిలబడి ‘మేడం, మీరు చదువు చెప్పాలె గని ఇదేంది?’ అని మీరుతోనే మొదలుపెట్టాడు. వరస అందరిదీ అని, మొదటి వంతు నాదేనని చెప్పాను. ‘మా పిల్లగాడు పొరక పట్టాల్నా?’ అన్నాడు. పట్టాలన్నాను. అప్పుడాయన ‘నీకు అలవాటేమో, మాకు లేదు’ అన్నాడు. మేడంలోంచి నీకులోకి ఒక్క వాక్యంలో దిగాడు. నేను ఉస్తెద్‌లోనే ఉన్నాను. ‘మీరు కావాలంటే పైకి రాయండి. వంతు మాత్రం మారదు’ అన్నాను. ఆయన రాశాడు. ఎంఈఓ ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. హాజరుపట్టీ వరస నకలు, పైకి రాసిన రెండు దరఖాస్తుల నకళ్లు జతచేసి జవాబిచ్చాను. తర్వాత ఏ కబురూ లేదు.

గురువారం ఆ పిల్లవాడు వచ్చాడు. పొరక ఎట్లా పట్టుకోవాలో తెల్వక నిలువుగా పట్టుకున్నాడు. నీళ్లు చిలకరించకుండా ఊడిస్తే దుమ్ము లేస్తుందని కూడా తెలియదు, గదంతా పొగ లెక్క అయింది. మా వాడ పిల్ల ఒకతి చెంబుతో నీళ్లు తెచ్చి చల్లి, ‘ఎనకకు నడుసుకుంట ఊడ్వాలె, లేకుంటె నువ్వు ఊడ్చింది నువ్వే తొక్కుతవు’ అని చెప్పింది. వాడు వెనక్కి నడుస్తూ ఊడ్చాడు. మూడో వరస బెంచీల కింద సుద్దముక్కలు అట్లనే మిగిలినయి. వాటిని కూడా తీయమన్నాను.